ఓరుగంటి పొలములును పదవ తరగతి పాఠమును

(ఓరుగల్లులోని యొక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు నన్ను బిలిచి, బడిపిల్లల జీవశాస్త్రములోని అనువంశికత, పరిణామము అను పాఠమును గూర్చి మాటలాడుమని కోరినప్పుడు నాకు గొంత సంకోచము కలిగెను. ఇచ్చట గూర్చున్నవారిలో బడి విడిచి నలువదియేండ్లు దాటినవారే యెక్కువ. వర్తకులు, గుమాస్తాలు, వకీళ్లు, విశ్రాంతి దీసికొన్న యుపాధ్యాయులు. పదవ తరగతి పాఠముతో వీరికేమి పని యనుకొంటిని. కాని వీరిలో పట్టణమున గాపురముండియు పల్లెలో రెండెకరముల పొలము లేనివా డరుదు. ఏనుమాముల మార్కెట్టులో నీదినము ప్రత్తి యెంత పలికినదో యెరుగనివాడు మరియు నరుదు. కావున బడినుండి కాక పొలమునుండియే ప్రారంభించెదను.

మన రైతుల నోట దరచుగా వినబడు మాట యొకటి కలదు. "పురుగు మందుకు అలవాటు పడ్డది" అని. నిరుడు ఒక్క సీసాతో జచ్చిన పురుగు ఈ యేడు మూడు సీసాలు కొట్టినను జావదు. కారణ మేమని యడిగిన నీ మాటయే బదులు. వినుటకు సహజముగనే యున్నది. కల్లు త్రాగువానికి గల్లు అలవాటగును. నల్లమందు దినువానికి నల్లమం దలవాటగును. పురుగునకు మాత్రమేల కాకూడదు? కాని సోదరులారా, ఈ యొక్క వాక్యములోని పొరపాటు మన జిల్లా రైతుచేత నెంత ధనమును మందుల దుకాణమున బోయించినదో తలచుకొనిన గుండె చెరువగును.

పురుగు మందున కలవాటుపడి, ఆ యలవాటును దన పిల్లలకు సంక్రమింపజేయుననుట ఫ్రాన్సు దేశీయుడగు లామార్కు 1809లో బ్రకటించిన యభిప్రాయమునకు మన పల్లెటూరి తర్జుమా. లామార్కు సామాన్యుడు కాడు. జీవులు మారుచున్నవని ధైర్యముగ జెప్పిన తొలివారిలో నొకడు. అయినను మార్పు ఎట్లు కలుగునో చెప్పుటయందు దప్పెను. 1859లో డార్విను చెప్పినది వేరు. పురుగులన్నియు మొదటినుండియు నొక్క తీరువి కావు. లక్ష పురుగులలో నేదో యొకటి, మందు పుట్టకముందే, ఆ మందును సహింపగల లక్షణముతో బుట్టియుండును. మందు కొట్టగానే తక్కినవన్నియు జచ్చును, అది బ్రదుకును. చేను ఖాళీగ నున్నది. తిండికి బోటీ లేదు. దాని సంతానమే చేనంతయు నిండును. ఏ పురుగును దేనికిని నలవాటు పడలేదు. అలవాటు లేనివి చచ్చినవి, అంతే. దీనినే ప్రకృతి వరణమందురు.

ఈ రెండు మాటలకును భేదమేమి, చచ్చినవాని పెండ్లికి ఏ మంత్రమైన నేమి యని మీరనవచ్చును. భేదము రైతు సంచిలో నున్నది. అలవాటు పడుటయే నిజమైనచో విరుగుడు సులభము: మోతాదు పెంచుము, కొత్త మందు తెమ్ము, ఒక్కటియు మిగులకుండ జంపుము. వరణమే నిజమైనచో నట్లు చేయుటయే మహాపరాధము. నీ వెంత శుభ్రముగ జంపిన నంత శుభ్రముగ లొంగని జాతిని నీ చేతులార నేరి పెంచుచున్నావు. విరుగుడు తలక్రిందులగును: మందునకు లొంగు పురుగులను గొన్నిటిని గావలెనని బ్రదుకనీయవలెను. ఈ మాట పాఠము చదువని రైతుతో జెప్పిన నవ్వును. నవ్వుట యతని తప్పు కాదు.

ఊరక చెప్పిన మాట నిలువదు గనుక మన పొలములనుండియే సాక్ష్యము తెచ్చెదను.

ఉల్లికోడు నెరుగనివా రిచ్చట లేరు. దోమవంటి చిన్న యీగ. ఆడుది వరియాకుపై గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు ప్రాకి పిలక మొదటనున్న మొలకను జేరి తినుచుండగా, ఆ పిలక యుల్లికాడవలె గొట్టమై తెల్లగ బైకి వచ్చును. దానికి వెన్ను రాదు. పురుగు లోపల దాగియుండుటచే బైన చల్లిన మందు దానిని సులభముగ జేరదు. కావున దీనికి నిజమైన విరుగుడు విత్తనములోనే యుండవలెను.

ఆ విరుగుడును దెచ్చినవారిలో మన ఓరుగంటి పరిశోధనస్థానమువారు ముందువరుసలోనివారు. ఈశ్వరకోర యను పాత రకమునకు ఉల్లికోడు సోకదని గుర్తించి, దానిని మారుటేరు రకమగు ఎం.టి.యు. 15తో సంకరము గావించి డబ్ల్యు 1263 అను వంగడమును దీసిరి. దానిలోని రక్షణశక్తి యంతయు నొక్క జన్యువునం దున్నదని పిమ్మట దేలినది. దానికి జి.ఎం. 1 అని పేరు. ఆ జన్యువు బహిర్గతమగు తరగతిది. అనగా తల్లినుండి గాని తండ్రినుండి గాని యొక్కటి వచ్చిన జాలును, మొక్క నిలుచును. సోకెడి రకముతో దీనిని సంకరించి రెండవ తరమును నాటిన, నాలుగింట మూడు మొక్కలు నిలుచును, ఒకటి గొట్టమగును. మెండెలను మఠవాసి బ్రున్ను పట్టణమున బటానీలను బెంచి, రెండవ తరమున 5,474 గుండ్రని గింజలును 1,850 ముడుతల గింజలును లెక్కించి, 1866లో బ్రకటించిన నిష్పత్తి యిదియే. మన స్థానమునుండి వెలువడిన కావ్య యను వంగడమును బ్రదికించినదియు నా జన్యువే. కావ్య, పోతన, ఎర్రమల్లెలు, భద్రకాళి! వంగడములకు నిట్టి పేర్లు పెట్టిన శాస్త్రజ్ఞులు వట్టి లెక్కలవారు కారని నా యభిప్రాయము.

ఇంకొక చోట సయాం 29 అను విదేశపు రకమునుండి రెండవ రక్షణ జన్యువును దీసికొని ఐ.ఆర్. 8తో గలిపి ఫల్గుణ యను వంగడమును బుట్టించిరి. అది తెలుగుదేశమున విస్తారముగ వ్యాపించెను. అంతట 1980ల చివరిభాగమున శ్రీకాకుళపు ఫల్గుణ చేలలోనే గొట్టములు లేచెను. శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది డబ్ల్యు 1263ను ఫల్గుణను రెంటిని జయించిన కొత్త బయోటైపు అని నిర్ణయించి, నాలుగవ సంఖ్య నిచ్చిరి. ఓరుగంటి పురుగు మాత్రము చాలకాలము మొదటి సంఖ్యలోనే యుండెను. అనగా నే నిరోధక వంగడమును గూడ జయింపలేని సాధువు. ఆ నమ్మకమునకు 2006లో జెల్లు పడెను. ఆ యేడు ప్రకటింపబడిన వ్యాసమున, ఓరుగంటి పొలములలోని యుల్లికోడు పరీక్షకు వాడు మూడు తరగతుల నిరోధక వంగడములను గూడ గొట్టములు చేయుచున్నదని తేల్చిరి. దానికి 4ఎం అని పేరు పెట్టిరి. ఓరుగంటిలో బుట్టిన డబ్ల్యు 1263ను ఓరుగంటి పురుగే జయించినది.

ఈ యీగకు నెవరు నేర్పిరి? ఎవరును నేర్పలేదు. శ్రీకాకుళపు పురుగులో ఫల్గుణను గెలుచు శక్తి యొక్క అంతర్గత జన్యువుపై నాధారపడియున్నదని, పురుగులను పురుగులతో సంకరించి లెక్కించి కనుగొనిరి. వరిలో నొక జన్యువు తాళము. పురుగులో నొక జన్యువు తాళపుచెవి. ఊరంతయు నొక్కటే తాళము వేసికొనియుండగా, ఆ చెవి గల యీగ యొక్కటి పుట్టిన జాలును. ఒక పంటకాలములో దానికి బెక్కు తరములు గడచును. డార్విను జీవిత మంతయు శ్రమించి పావురములనుండియు శిలాజములనుండియు నూహించినదానిని, మన తండ్రులును మనమును గట్టుమీద నిలిచి కండ్లార జూచితిమి. చూచియు గుర్తింపలేదు. ఇప్పుడు వరి శాస్త్రజ్ఞులు ఒక్క జన్యువును నమ్ముట మాని, రెండు మూడు జన్యువులను నొక్క వంగడములో గూర్చుచున్నారు. రెండు తాళములకు రెండు చెవులును నొక్క యీగలో గూడుట మిక్కిలి యరుదు గదా!

ఇక ప్రత్తి. ఇది చెప్పుటకు గొంచెము కష్టమైన కథ.

2002లో బీటీ ప్రత్తికి గేంద్రప్రభుత్వ మనుమతి యిచ్చెను. మట్టిలో నుండు నొక సూక్ష్మజీవియొక్క విషజన్యువును ప్రత్తిలో జొప్పించిరి. మొక్కను గొరికిన కాయతొలుచు పురుగు చచ్చును. 2006లో రెండవ విషమును గూడ జేర్చిన రకము వచ్చెను. ఆ విత్తనపు సంచితోపాటు రైతునకు జిన్న పొట్లమొకటి యిచ్చెడివారు. 450 గ్రాముల బీటీ గింజలకు 120 గ్రాముల మామూలు ప్రత్తిగింజలు. వీనిని చేనుచుట్టు వరుసలుగ నాటవలెనని నియమము. ఎందులకు నాటవలెనో రైతునకు బోధపడునట్లు చెప్పినవారు తక్కువ. పురుగు తినుటకై ప్రత్తిని నాటుటయా? కౌలు చెల్లించిన భూమిలో? పొట్లమును గట్టుమీద బారవైచినవారిని నే నెందరినో యెరుగుదును. వారిలో నక్షరాస్యులును గలరు.

ఆ పొట్లములో నేమున్నదో చూతము. గులాబిరంగు పురుగున బీటీ విషమును సహించు జన్యువు సాధారణముగ నంతర్గతము. అనగా తల్లినుండి యొకటి తండ్రినుండి యొకటి రెండును గూడిననే పురుగు బ్రదుకును. ఒక్కటే యున్న, తక్కినవానివలెనే చచ్చును. వేయి జన్యువులలో నొకటి యట్టిదనుకొందము. రెండును నొక్క పురుగున గూడుట పదిలక్షలలో నొకమారు. ఆ పదిలక్షలలో నొకటి బీటీ చేనులో బ్రదికి రెక్కలు మొలచి లేచెను. దానికి జోడు కావలెను. చేనుచుట్టు మామూలు ప్రత్తి వరుసలున్నచో, అందు విషము నెరుగక సుఖముగ బెరిగిన వేలకొలది రెక్కపురుగులు లేచియుండును. మన వీరుడు వానిలో నొకదానితోనే కలియును. పిల్లలన్నిటికి జన్యు వొక్కటొక్కటియే వచ్చును. అవి బీటీ కాయను గొరికి చచ్చును. వీరుని వంశ మంతటితో సరి. వరుసలు లేవా? చేనంతయు బీటీయే. బ్రదికినవి రెండే రెండు. ఆ రెండే కలియును. పిల్లలన్నియు రెండేసి జన్యువులతో బుట్టును. ఆ 120 గ్రాముల పొట్లము పదవ తరగతిలో మెండెలు పాఠముతప్ప వేరు కాదు.

అమెరికాలోని యారిజోనా రాష్ట్రమునను ఇదే గులాబిపురుగు, ఇదే బీటీ ప్రత్తి. అచ్చట 1996 నుండి యీ యాశ్రయపు వరుసలను శ్రద్ధతో నాటిరి. పిమ్మట గొడ్డుపోయిన రెక్కపురుగులను గోట్లకొలది విడిచిరి. 2018లో నా దేశపు వ్యవసాయశాఖ తమ ప్రత్తి ప్రాంతములలో గులాబిపురుగు నిర్మూలమైనదని ప్రకటించెను. మనదేశమున మొదటి విషమునకు లొంగని గులాబిపురుగు గుజరాతులో బుట్టినదని 2010లో విత్తనముల కంపెనీవారే యొప్పుకొనిరి. 2015 ప్రాంతమునకు రెండవ విషమును దాటెను. తరువాతి యేండ్లలో మన జిల్లా చేలలో గాయను జీల్చిన, లోపల గులాబిరంగు పురుగును నల్లబడిన దూదియు గనబడుటకు మీలో ననేకులు సాక్షులు. పిమ్మట ప్రభుత్వమువారు రెండు విధముల గింజలను నొక్క సంచిలోనే కలిపి యమ్మించు నేర్పాటు చేసిరి. రైతుకు జెప్పి యొప్పించుటకంటె జెప్పకుండ కలిపివేయుట సులభమని తోచెను కాబోలు.

ఇందు నేరమంతయు రైతుదే యనుట యన్యాయము. మన రైతు ప్రత్తిని ఫిబ్రవరి మార్చిదాక చేనిలో నిలుపును, పురుగునకు విరామము దొరకదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ప్రత్తి పండించు తక్కిన దేశములు పెక్కింట బీటీ విత్తనము సూటిరకము, మనకమ్మినది సంకర విత్తనము. సంకరపు మొక్క కాయలోని గింజలు రెండవ తరము. మెండెలు లెక్కచొప్పున నాలుగింట నొక గింజకు మొదటి విషము లేదు, నాలుగింట నొకదానికి రెండవది లేదు. 9:3:3:1 అని మన పిల్లలు పరీక్షకై వల్లించు నిష్పత్తి యోరుగంటి ప్రత్తికాయలో నున్నది. గులాబిపురుగు తినునది గింజనే. ఒక్క కాయలో విషమున్న గింజయు లేని గింజయు మారుమార్చి తిని, ఒక్క జన్యువే యున్న పురుగు గూడ బ్రదికిపోవుటకు దారి యేర్పడెను. విత్తనము నేటేట గొనిపించు సంకరపు వ్యాపారము, పురుగునకు జేసిన యుపకారమిది. దీనిని శాస్త్రజ్ఞులు హెచ్చరింపకపోలేదు. కాని యా హెచ్చరికను విని విత్తనముల దుకాణమున నిలదీసి యడుగగల రైతు తయారు కావలెనన్న, అతనికి రెండవ తరమన నేమో తెలిసియుండవలెను గదా.

1997-98 సంగతిని నేను పొడిగించి చెప్పను. అది బీటీకి పూర్వపు మాట. 1987 ప్రాంతముననే మన తెలుగు జిల్లాలలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడు మందులకు లొంగుట మానినదని శాస్త్రజ్ఞులు వ్రాసిరి. అయినను బదియేండ్లు మందుమీద మందు కొట్టించిరి. 1997లో బొగాకు లద్దెపురుగు మన జిల్లా ప్రత్తిమీద బడినప్పుడు మందులు పనిచేయలేదు, అప్పు మాత్రము పనిచేసెను. పురుగును జంపని మందును రైతులు తామే త్రాగిరి. ఋణదాతల వడ్డీ, నకిలీ మందులు, ప్రభుత్వపు నిర్లక్ష్యము, వాన, ఇవన్నియు గారణములే. పురుగొక్కటియే కారణమని నే ననను. కాని "ఇంకొక్కమారు కొట్టుము" అని దుకాణదారు చెప్పగా నమ్మిన రైతు చేతిలో, ఆ మాటను ద్రోసివేయుటకు గావలసిన యాయుధము లేదు. ఆ యాయుధము పదవ తరగతి పుస్తకములో బది పుటలు.

ఇప్పుడు పుస్తకమునకు వచ్చెదను. కేంద్ర విద్యాపరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్.సి.ఇ.ఆర్.టి.వారు, కరోనా కాలమున బిల్లలకు భారము తగ్గింతుమని పాఠములు కత్తిరించిరి. 2023లో నచ్చయిన పదవ తరగతి గ్రంథమున "అనువంశికత, పరిణామము" అను పాఠము "అనువంశికత" మాత్రమై మిగిలెను. డార్విను లేడు, శిలాజములు లేవు, మానవుని పుట్టుక లేదు. ఆ యేటి ఏప్రిలులో 1,800 మందికి మించిన శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును దీనిని నిరసించుచు లేఖ వ్రాసిరి. మండలివారు పాఠమును దీసివేయలేదని, పండ్రెండవ తరగతిలో బూర్తిగ నున్నదని బదులిచ్చిరి. పొరుగు ఆంధ్రప్రదేశమున 2024-25 నుండి పదవ తరగతికి ఈ కేంద్ర గ్రంథముల పాఠ్యక్రమమునే ప్రవేశపెట్టిరి. మన రాష్ట్రమునకు సంబంధించి, 2014లో నచ్చయిన పదవ తరగతి జీవశాస్త్రమున అనువంశికతా పాఠములోనే లామార్కును డార్వినును గలరు. వారిని దీసివేయు నాలోచన యిచ్చటి కెవరికిని రాకుండుగాక.

పండ్రెండవ తరగతిలో నున్నదను సమాధానము చూచుట కింపుగ నున్నది. కాని పండ్రెండవ తరగతిలో జీవశాస్త్రము నెవరు చదువుదురు? వైద్యుడు కాదలచినవాడు. ఇంజనీరు కాదలచినవాడు చదువడు. వాణిజ్యశాస్త్రమునకు బోవువాడు చదువడు. ఐ.టి.ఐ.కి బోవువాడును, పదవ తరగతితో బుస్తకము మూసి తండ్రి వెంట నాగలి పట్టువాడును అసలే చదువరు. పరకాలలోను నర్సంపేటలోను ప్రత్తి పండించువాడు ఈ కడపటివాడు. అనువంశికతను మాత్రముంచి పరిణామమును దీసిరేని, తాళమును జూపి తాళపుచెవిని దాచినట్లు. మెండెలు లేక డార్విను కొరవ, డార్విను లేక మెండెలు వట్టి లెక్క. ఆ రెంటిని గలిపి చూడనివానికి ఆ 120 గ్రాముల పొట్లము చెత్తయే.

కొందరు మిత్రులు నాతో వాదించిరి. "ఇది పరదేశీయుల సిద్ధాంతము. మనకు మత్స్యకూర్మవరాహాది దశావతారములు లేవా?" అని. 2019 జనవరిలో జలంధరమున జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో, తెలుగుదేశపు విశ్వవిద్యాలయ మొకదాని యుపాధ్యక్షులే దశావతారములు డార్విను సిద్ధాంతముకంటె మేలైనవని పలికి దేశమంతట దలవంపు తెచ్చిరి. నేను పురాణములను భక్తితో వినువాడను. భాగవతమును దెనిగించిన పోతన బమ్మెర మనకు దూరము కాదు. కాని యే పౌరాణికుడును గులాబిపురుగు రెండవ విషమునకు నెప్పుడు లొంగుట మానునో చెప్పునని నేను వినలేదు, చెప్పవలెనని కోరనులేదు. పురాణమును బరీక్షాపత్రమునకు దింపుట పురాణమునకే యవమానము. మరికొందరు కోతినుండి మనుష్యుడు పుట్టెనా యని వేళాకోళము చేయుదురు. కోతియు మనుష్యుడును నొక ప్రాచీన వంశమునుండి చీలిన శాఖలని మాత్రమే శాస్త్రము చెప్పుచున్నది. మన పాలివా డొకడు పేదయైన మాత్రమున మన గౌరవమునకు లోటేమి?

ఇంకొక యాక్షేపణ గలదు. దాని నింత తేలికగ ద్రోసివేయలేను. అనువంశికత పేర తెల్లవారు తామే యేలుటకు బుట్టినవారమని గ్రంథములు వ్రాసిరి. గాల్టను 1883లో మేలిజాతుల శాస్త్రమని యొకదానికి నామకరణము చేసెను. దాని పేర నాజీలు చేసినది లోకమెరుగును. మనదేశమున గులాభిమానులకును అది రుచించెను. నిజమే. కాని యా విషమునకు విరుగుడును గూడ నా శాస్త్రమే యిచ్చెను. మానవులలోని జన్యుభేదములలో నధికభాగము, నూటి కెనుబదియైదు వంతులని 1972లో వేసిన లెక్క, ఒక్కొక్క జనసమూహము లోపలనే యున్నది, సమూహమునకు సమూహమునకు నడుమ లేదు. సగము శాస్త్రము చెప్పిననే కులగర్వము బ్రదుకును. పాఠమును గత్తిరించినవారు దీనిని గూడ నాలోచింపవలసియుండెను.

స్వదేశాభిమాన మన్న నేమో మన పెద్దలు మనకంటె బాగుగ నెరుగుదురు. నిజామురాజ్యమున దెలుగు బడులు గ్రుడ్డిదీపములై మిణుకుచున్న కాలమున, 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావుగారును మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని బెట్టి, చరిత్రముతోపాటు పదార్థవిజ్ఞానమును రసాయనమును దెలుగున వ్రాయించిరి. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము ఆ గ్రంథమాలలోనిదే. డార్విను పరదేశీయుడని వారు విడువలేదు. తెలుగున జెప్పిన జాలు, అది మనదే యగునని నమ్మిరి.

బడులవారిని గూర్చి రెండు మాటలు చెప్పి ముగింతును. పాఠము పుస్తకములో నున్నంతమాత్రాన బిల్లవాని బుర్రలో నుండదు. మన బడులలో దీనిని జెప్పు తీరు జూచితిని. బటానీలు గుండ్రనివి ముడుతలవి యని నల్లబల్లమీద గళ్లు గీసి, 3:1 అని రెండుమార్లు క్రింద గీత గీసి, "ఇది రెండు మార్కులకు దప్పక వచ్చును" అందురు. ఆ పిల్లలలో బటానీ మొక్కను జూచినవాడు లేడు. ప్రత్తి చేనిలో నిలువనివాడు లేడు. జిరాఫీ మెడను గూర్చి వారికి బరీక్షించుట యెందులకు, ఉల్లిగొట్టము వారి పెరటిలో నుండగా? ములుగు దారిలోని పరిశోధనస్థానము పట్టణమునకు నెంతో దూరము లేదు. ఏడాదికొకమారు పదవ తరగతివారి నచ్చటికి దీసికొనిపోయి, సోకు రకమును సోకని రకమును బ్రక్కప్రక్కల జూపిన, నల్లబల్ల మీది గళ్లకు బ్రాణము వచ్చును.

దానికై ప్రభుత్వపు టుత్తరువుకొరకు వేచియుండ నక్కరలేదు. వరుసనాట్లు వేసిన నలువది యేబది దినములకు, ఈ వానకాలముననే, ఈ పట్టణపు బడులలో నేదేని యొక తరగతి ప్రక్కయూరి చేలకు బోవునుగాక. ప్రతి పిల్లవాడు నిరువది కుదుళ్లు చూచి, మొత్తము పిలకలెన్నో, గొట్టములెన్నో, వంగడము పేరేమో, రైతు కొట్టిన మందేమో ఒక లెక్కపుస్తకమున వ్రాయునుగాక. మరుసటి యేడు మరల నవే చేలు. మూడేండ్ల లెక్క యున్నచో, ఏ వంగడము ఏ యూరిలో దప్పుచున్నదో మనకే తెలియును. ఆ లెక్కపుస్తకములను బీరువాలో నొక యరయందు భద్రపరచుటకు కార్యదర్శిగారి యనుమతి వేడుచున్నాను. మొదటి పుస్తకమునకు గాగితపు ఖర్చు నేను పెట్టుకొందును.